వైరుతో కట్టేసిన వంటిల్లు

ఆ రోజుల్లో నాకు కోపం వచ్చిపోయే చుట్టం కాదు, మా ఇంట్లోనే కాపురం ఉండేది. ఉండదా మరి? పెళ్లయి ఒమన్ వచ్చిన కొత్త. అల్ మవాలేలో రెండు గదుల ఇల్లు. మా ఆయన ఒక షాపులో సామాను బండి డ్రైవరు. నేనేమో మా జిల్లా నుంచి వచ్చి కంపెనీ రూముల్లో ఉండే మగవాళ్లకు అన్నం వండి క్యారియర్లు కట్టి పంపేదాన్ని. ఎవరికి వంకాయ పడదో, ఎవరికి చారు లేనిదే ముద్ద దిగదో, ఎవరు కారం ఎక్కువైందని తిట్టుకుంటూనే పచ్చడి మళ్లీ అడుగుతారో నాకు నోటికి వచ్చు. (చదివింది ఐదో తరగతి. చేతికి ఎప్పుడూ ఏదో ఒక పిండి అంటుకుని ఉండేది కాబట్టి రాసుకునే అలవాటు కూడా కాలేదు. అన్నీ బుర్రలోనే.) శుక్రవారం సైట్లకు సెలవు. సెలవు రోజు మగవాళ్లు ఇంకాస్త ఎక్కువ తింటారు. అంటే ఆ రోజు నా పొయ్యి ఇంకాస్త ముందే వెలగాలి. అందుకే మా ఆయనను ఒకే ఒక్కటి అడుగుతూ వచ్చాను. నగ కాదు, చీర కాదు. పొయ్యి ముట్టించకుండా ఒక్క శుక్రవారం.

దానికి ఆ మహానుభావుడు ఏం చేశాడంటే, అల్ ఖువైర్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే దొర ఎవరో సామాను అమ్ముకుని తన దేశం పోతుంటే, ఆయన దగ్గర చవగ్గా వచ్చిందని ఒక ట్రైలర్ కొనుక్కొచ్చాడు. చూడ్డానికి చక్రాలున్న ఇనుప పెట్టె. మూత విప్పితే డేరా లేస్తుంది, లోపల మంచం కూడా ఉంటుంది. దాన్ని తెచ్చి నేను బట్టలు ఆరేసుకునే చోట పెట్టాడు. ఇక పొద్దున లేస్తే దాన్ని తుడవడమే. నా చీరలన్నీ గదిలో తలుపుల మీద ఆరాయి.

"నీ కోసమే కొన్ననే! ఇంట్ల కూసోని కూసోని యాష్టకొచ్చిందంటివి గద. ఇగ ఇల్లే మన ఎంబడి ఒస్తది" అన్నాడు.

"నేను ఇల్లు ఎంబడి రావాలన్ననా? పొయ్యి ఎంబడి రావొద్దన్న!"

"ఏ, నువ్వు పొయ్యి మొకం గూడ చూడవు. నాది పూచీ."

నమ్మాను. ఆ శుక్రవారానికి క్యారియర్లు పంపనని అందరికీ చెప్పేశాను. సమాయిల్ దాటి ఖర్జూరం తోటల పక్కన ఎండిన వాగు ఒకటుంది, అక్కడికి పోదామన్నాడు. తెల్లారి తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని బయటికొచ్చేసరికి, ట్రైలర్‌ను లాగే పికప్‌లో మరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు మేస్త్రి మామ. మా ఊరివాడే. బిల్డింగు సైట్లలో ఇనుప కడ్డీలు కట్టించే మేస్త్రి. రెండోవాడు పికప్ సొంతదారు, హైదరాబాద్ భాయ్. డేరా వేయడానికి మనుషులు కావద్దా అన్నాడు మా ఆయన. దారి పొడుగునా నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏం కొండలు వచ్చాయో, ఏం తోటలు వచ్చాయో ఒక్కటీ చూడలేదు. కోపంలో ఉన్నప్పుడు బయట ఏమున్నా ఒకటే.

వాగులో దిగాక మా ఆయన ఫోన్‌లో వీడియో పెట్టాడు. అందులో ఒక ముసలాయన ఒక్కడే, టీ చల్లారేలోపు ఆ డేరా లేపేశాడు. మా వాళ్లు ముగ్గురు. వీడియోలో మనిషి ఇంగ్లీషులో ఏదో చెప్పడం, భాయ్ దాన్ని హిందీలో చెప్పడం, మామ దాన్ని వినకపోవడం. ఒకవైపు లేపితే రెండోవైపు కూలింది. నడిమి కడ్డీ నిలబెట్టబోయి భాయ్ లోపల ఉండిపోయాడు, బట్ట పైన పడింది. "అరే నికాలో మేరేకు!" అని లోపలి నుంచి కేకలు. ఆయన్ని బయటికి తీసి మళ్లీ మొదలు. చివరికి డేరా లేచింది గాని ఇంకా మూడు కడ్డీలు మిగిలే ఉన్నాయి.

"ఇవి ఎక్కడియి?" అన్నాను.

"అవి ఎక్‌స్ట్రా" అన్నాడు మా ఆయన, చూడకుండానే.

"టెన్షన్ నక్కో భాభీ, కంపెనీవాలే అలాగే ఎక్‌స్ట్రా ఇస్తారు" అన్నాడు భాయ్.

తాళ్లు కట్టడానికి మేకులు దిగలేదు. వాగంతా గులకరాళ్లు. కొట్టిన మేకు కొట్టినట్టు వంగిపోయింది. అది చూసి మామకు పౌరుషం పొడుచుకొచ్చింది. "గివేం మొలల్రా, చీపురుపుల్లలు! నేను కట్టిన సలాకలు ఏడంతస్తుల మీద గాలికి కదల్లే. తియ్యిరా వైరు!" అన్నాడు. ఎవరి బండిలోనైనా సరే, ఆయన ఎక్కితే ఆయనతో పాటు ఒక వైరు చుట్ట, వైరు తిప్పే కొక్కెం ఎక్కుతాయి. ఇక చూడాలి ఆ మనిషిని. ఎక్కడ గట్టి ఇనుము కనిపిస్తే అక్కడికి తాడు లాగి, వైరు చుట్టి, కొక్కెంతో కటకటా తిప్పేశాడు. నాకు చూడబుద్ధి కాక ఒక రాయి మీద అటు తిరిగి కూర్చున్నాను. అయిపోయాక మామ డేరా మీద చరిచి, "బిడ్డా, ఇగ భూకంపం రమ్మను" అన్నాడు.

సరే, ఇప్పుడైనా ఆ మంచం మీద నడుము వాలుద్దామని లేచాను. మా ఆయన నా ముందుకొచ్చి దొంగపిల్లిలా నవ్వాడు. పికప్ వెనక నుంచి బియ్యం సంచి, ఐస్ డబ్బాలో మసాలా పట్టించిన కోడి తీసి, "జర... ఒక్క కూరనే. వీళ్లకు నీ చేతి కోడికూర అని చెప్పి తోలుకొచ్చిన" అన్నాడు.

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. "అందుకా నన్ను తెచ్చింది? ఇంట్ల పొయ్యి సాలదని వాగుల వండాలెనా?"

"ఏ, గిది ఇంట్ల పొయ్యి కాదు! ట్రైలర్‌ల వంటిల్లే ఉంది. నీకు చెప్పలే, సర్ప్రైజ్!" అని ఉత్సాహంగా ట్రైలర్ వెనక్కు పోయాడు. అక్కడ సొరుగులా లాగితే బయటికొచ్చే వంటిల్లు ఉందట, గ్యాస్ పొయ్యితో సహా. పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. డేరా మొత్తం ముందుకు ఊగింది, సొరుగు మాత్రం రాలేదు.

ఆ పిడి చుట్టూ మామ కట్టిన వైరు. డేరాను లాగిపట్టిన పెద్ద తాళ్లన్నీ దానికే వచ్చాయి. వాగు మొత్తంలో అంత గట్టి ఇనుము ఇంకెక్కడా దొరకలేదట.

"మామా, ఇది కొయ్యాలె" అన్నాడు మా ఆయన.

"కొయ్యి. డేరా పండుకుంటది" అన్నాడు మామ, తాపీగా.

భాయ్ కటింగ్ ప్లయర్ తెచ్చాడు. నాకు ఏమైందో తెలియదు, పొద్దున్నుంచి ఆ వైరును, మామను, ఆ ట్రైలర్‌ను, దాన్ని అమ్మిన దొరను తిట్టుకుంటున్నదాన్ని, పోయి సొరుగుకు అడ్డంగా నిలబడ్డాను. "ఈ వైరు మీద ఎవరన్న చెయ్యి ఎయ్యిండ్రి, చూస్త! మామ కష్టపడి కట్టిండు. ఇది ఇట్లనే ఉండాలె!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామకు నేను తన పనితనాన్ని మెచ్చుకున్నానని గర్వం. "చూసినవారా, కోడలుపిల్లకు తెల్సు" అన్నాడు. చేసేది లేక సమాయిల్ పోయి హోటల్లో ఏదన్నా కట్టించుకొస్తామని పికప్ ఎక్కారు. బండి కదలబోతుంటే మా ఆయన కిటికీలోంచి తల పెట్టి, "నీకేం దేవాలె?" అన్నాడు.

ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అందరి నాలుకల సంగతీ చెప్పగలిగినదాన్ని, నోరు తెరిచి నిలబడిపోయాను. ఒక్కటీ తోచలేదు. తోచనందుకు ఇంకా మండింది. "ఏదో ఒకటి తే, పో!" అని అరిచాను. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

డేరాలోకి పోయి పడుకున్నాను. కోడికి కాపలా కూడా కాయలేదు. తోటలో నీళ్లు పారుతున్న చప్పుడు, గాలికి డేరా బట్ట కొట్టుకోవడం. పగటిపూట నిద్రపోవడం ఒమన్ వచ్చాక అదే మొదలు. మామ మాట నిలిచింది, డేరా ఇంచు కదల్లేదు. నిద్ర మధ్యలో ఎక్కడో నాకు ఏం కావాలో తెలిసిపోయింది. వేడి వేడి మిరపకాయ బజ్జీ.

లేచేసరికి ముగ్గురూ వచ్చారు, పరాటాలు, పప్పు, టీ పట్టుకుని.

"బజ్జీలు ఏవి?" అన్నాను.

"అడగకపోతివి గదా!" అన్నాడు మా ఆయన.

"అడిగితేనే తెస్తరా? మీ అందరి ఇష్టాలు నేను అడిగే వండుతున్ననా?" అని పరాటా తింటూనే గొడవ పెట్టుకున్నాను. చల్లారిందన్నాను, పప్పులో ఉప్పు లేదన్నాను. మూడు పరాటాలు తిన్నాను.

ఇప్పుడు క్యారియర్లు మానేశాను. ఇప్పుడు శుక్రవారం పూట మా ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని "ఏం తెప్పియ్యాలె?" అని తానే అడుగుతాడు, నేను కూడా తడుముకోకుండా చెప్తాను. అలా చెప్పినప్పుడల్లా వాగులో దుమ్ము కొట్టుకుపోయిన కొత్త చీరలో, నోరు తెరిచి నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. పాపం, అంత కోపం పెట్టుకుని, చివరికి బజ్జీ అనే చిన్నమాట దొరక్కపోయింది దానికి.