రుచి గడి

మా సర్కారు తోటకి వచ్చిన ద్రాక్ష తినే రకం కాదు, వైన్ చేసే నల్ల రకం. అరకు చలికి తట్టుకుంటుందో లేదో చూడమని రెండు వరసలు నాటించారు. నేను ఫీల్డుమేన్‌ని. గుత్తి ఎంత బిగువు, పండు ఎంత, తోలు ఎంత మందం, గింజలెన్ని, ఇవన్నీ రిజిస్టరులో రాయాలి. పండ్లు శనగలకన్నా కాస్త పెద్దవి, అంతే. తోలు మొండిది, గిల్లితే వేలికంటిన ఊదారంగు రెండు రోజులకీ పోదు. చివరి గడి రుచి.

తీగల్ని సాకింది మాత్రం కొండ దిగువ ఊరి ముసలమ్మ. మూడేళ్లు నీళ్లు మోసింది, చిలకల్ని తోలింది.

మూడో ఏడాది వానల్లో మా ఆవిడ చలిజ్వరంతో పోయింది. నేను ఏడవలేదు. డ్యూటీకి వెళ్లాను. అన్నం తింటున్నానో గడ్డి తింటున్నానో తెలిసేది కాదు. కూరలో ఉప్పు లేదన్న సంగతి గిన్నె నాకిన పిల్లికే తెలియాలి.

మాఘంలో కాయలు నల్లబడ్డాయి. రిపోర్టు పంపమని పైనుంచి కాగితం వచ్చింది. ఒక పండు కోయబోతే ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇటుకల పండగ అవ్వకుండా కొత్త పండు నోట ఎట్టకూడదు బాబూ. తల్లికిచ్చినాక తిందుం.”

ఆ పండుగ చైత్రంలో, ఊరి దేవతకి చేస్తారు. అందాకా కొండ ఊళ్లవాళ్లు కొత్త మామిడికాయ కూడా ముట్టరు.

“నల్లబడింది కదా, ఇంకేం పండాలి?” అని నవ్వి నోట్లో వేసుకున్నాను. ఏ రుచీ తెలియలేదు. తెలియలేదనే రాయాల్సింది. గడి ఖాళీగా పంపలేక ‘పులుపు, వగరు, పనికిరాదు’ అని రాసి సంతకం పెట్టాను. నల్లబడ్డాక కూడా నెలకు పైగా తీగ మీద ఉంటేగానీ తీపెక్కని రకమని నాకేం తెలుసు?

పండుగకి నాలుగు రోజుల ముందు తీగలు పీకేయమని ఆర్డరు వచ్చింది.

“ఏటి తప్పు సేసినాయి బాబూ?” అంది ముసలమ్మ.

పైవాళ్ల మాట అన్నాను. నేను రాసింది చెప్పలేదు. ఆమే నాతోపాటు పీకింది. ఒక గుత్తి మాత్రం తుంచి కొంగున కట్టుకుంది.

పండుగ మర్నాడు ఆకు దొన్నెలో నాలుగు పండ్లు తెచ్చింది.

“తల్లికిచ్చేసినాం. ఇప్పుడు తిను.”

ఒకటి కొరికాను. తోలు తెగింది, రెండు గింజలు పంటికి తగిలాయి. తీపి. మా ఆవిడ పోయాక నా నాలుకకి తెలిసిన మొదటి రుచి అది.

“ఎలగుంది బాబూ?” అంది.

రెండో పండు నోట్లో వేసుకుని తోట వైపు చూశాను. రెండు వరసలూ అప్పటికే దున్నేశారు.