మూడో మంచం

ఈ ఉదయం పక్కింటి పిన్నిగారు వీధి తలుపు మార్పిస్తున్నారు. వడ్రంగి పాత తలుపు ఊడదీసి గోడకి ఆనించి, గొళ్ళెం చుట్టూ చెక్క మీద లోతుగా పడ్డ దెబ్బలు చూసి, "ఏటమ్మా, ఎప్పుడేనా దొంగలు పడ్డారేటి?" అని అడిగాడు. పిన్నిగారు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మా గుమ్మం వైపు చూసి నవ్వేశారు. "దొంగలు కాదు బాబూ, ఈ పక్కింటి పెద్దావిడ," అన్నారు. నేను అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఆ పెద్దావిడ మా అత్తగారు. ఆవిడ ఇప్పుడు లేరు గాని ఆవిడ కొట్టిన దెబ్బలు మాత్రం ఇన్నాళ్లూ ఆ తలుపు మీద ఉన్నాయి. ఇవాళ ఆ తలుపు కూడా పోతోందంటే నాకు చిక్కుడుకాయల మీద దృష్టి నిలవలేదు.

ఆ దెబ్బల సంగతి చెప్పాలంటే ముందు మా మరిది సంగతి చెప్పాలి. మా మరిది పంచదార వండే మనిషి. ఫ్యాక్టరీలో మరుగుతున్న చెరుకు పాకంలోంచి చుక్క తీసి గాజుపలక మీద వేసి, వెలుగుకి పెట్టి చూసి, పలుకు కట్టిందో లేదో చెప్పడం అతని పని. పంచదార ఫ్యాక్టరీ ఉన్న మా గోవాడ చుట్టుపక్కల పుట్టి పెరిగిన వాళ్లకి ఆ పని పాలతో పాటు వస్తుందని మా ఆయన అంటారు గాని, ఆయనకి మాత్రం ఇంట్లో బెల్లం పాకం కూడా సరిగ్గా కుదరదు. మరిదికి ఉగాండాలో జింజా అనే ఊరికి దగ్గర్లో ఉన్న పంచదార ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఉద్యోగం దొరికింది. అక్కడ వాళ్ల క్వార్టర్సులో అందరూ మగవాళ్లే, ఒక్కో గదిలో ఇద్దరేసి. పెళ్లాన్ని తీసుకెళ్లి పెట్టుకోడానికి వీల్లేదు. అందుకని వేసవిలో మా తోడికోడలు వెళ్లి కొన్నాళ్లు ఊళ్లో హోటల్లో ఉండి రావాలనీ, ఆవిడ ఒంటరిగా విశాఖపట్నం కూడా దాటలేదు కాబట్టి తోడుగా నేను వెళ్లాలనీ ఇంట్లో తీర్మానమైంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల చేత ఆఫ్రికా పటంలో విక్టోరియా సరస్సుకి నీలం రంగు వేయించిన సోషల్ టీచర్ని నేను. ఆ సరస్సు ఒడ్డున నిలబడతానని కలలో కూడా అనుకోలేదు. మా ఆయనకి పాస్‌పోర్టే లేదు. అనకాపల్లి దాటితే నిద్ర పట్టని మనిషికి అదెందుకు?

హోటల్ వెతకడం మొదట్లో మా ఇంట్లో సినిమా చూసినంత సరదాగా సాగింది. భోజనాలయ్యాక తోడికోడలు నా పక్కన చేరి ఫోన్లో బొమ్మలు జరుపుతూ ఉండేది. తక్కువలో ఉండాలి, శుభ్రంగా ఉండాలి, దోమతెర ఉండాలి. నా మోకాళ్లకి కుర్చీలాంటి మరుగుదొడ్డి ఉండాలి. వండుకోడానికి పొయ్యి ఉండాలని అత్తగారి షరతు. లిఫ్టు నమ్మొద్దు, కింద అంతస్తే తీసుకోమని మా ఆయన హెచ్చరిక. మేం చూస్తున్న హోటల్‌కి మేడే లేదని ఎంత చెప్పినా ఆయన వినలేదు. చివరికి ఒక చోటు నచ్చింది. దాన్ని నడిపే ఆవిడ నాకు వాయిస్ మెసేజీలు పంపేది. ఆమె ఇంగ్లీషు నాకు పాడుతున్నట్టు వినిపించేది. నా ఇంగ్లీషు ఆమెకి ఎలా వినిపించిందో నేనడగలేదు. పొయ్యి గురించి అడిగితే ఏకంగా వంటింట్లో నిలబడి, అరటికాయల గెలతో సహా ఫొటో తీసి పంపింది. ఆ అరటికాయలు చూసి అత్తగారు, "అయితే పర్నేదు, మనుసులే," అన్నారు.

గదుల దగ్గరే చిక్కొచ్చింది. రెండు గదులు మన వల్ల కాదు. మూడు మంచాల గది ఒకటి ఉంది. "మొగుడూ పెళ్లాల మధ్య నేనెందుకే, నలుగురూ నవ్వుతారు," అన్నాను. తోడికోడలు సిగ్గుపడి, "మద్దెలో సీర కట్టేసుకుందారిలే అక్కా. ఆయన గుర్రుకి నువ్వెలాగూ నిద్రపోవు," అంది. అత్తగారు వినీ విననట్టు అటు తిరిగి పడుకున్నారు. వీసాలొచ్చాయి, ఎల్లో ఫీవర్ టీకాలు వేయించుకున్నాం. గది మాత్రం ఇంకా బుక్ చెయ్యలేదు, వేసవికి చాలా టైముందని.

చెరుకు సీజను మంచి జోరు మీదున్న రోజుల్లో ఫోనొచ్చింది. మరిదితో పాటు పనిచేసే తమిళాయన, వచ్చీరాని తెలుగులో మాట్లాడాడు. జ్వరం వచ్చిందన్నాడు, మలేరియా అన్నాడు, అది తలకెక్కిందన్నాడు. జింజాలో ఆసుపత్రిలో చేర్చారట, తెలివి లేదట. "ఇంటి మనిషి ఎవరైనా వస్తే మంచిది," అని ఫోన్ పెట్టేశాడు. ఆ 'మంచిది' అనే మాట మా అందరికీ ఒకే రకంగా వినిపించింది. తోడికోడలు ఏడవలేదు. లోపలికి వెళ్లి ఇనప్పెట్టెలోంచి పాస్‌పోర్టులు తెచ్చి నా ఒళ్లో పెట్టి, "అక్కా, గది తీసెయ్," అంది.

టిక్కెట్లు దొరికాయి. గది కోసం ఫోన్ తెరిస్తే అది రెండు ధరలు చూపించింది. తక్కువ ధరకి తీసుకుంటే వెళ్లకపోయినా డబ్బు తిరిగి రాదు. కొంచెం ఎక్కువ పెడితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. నా వేలు అక్కడే ఆగిపోయింది. రేపు పొద్దున్నే ఇంకో ఫోనొస్తే ఈ గదితో మాకేం పని? ఆ ఆలోచన రాగానే నా మీద నాకే అసహ్యం వేసింది, కాని వచ్చింది. తోడికోడలు భుజం మీంచి చూస్తూనే ఉంది. చదువు తక్కువేమో గాని బుర్ర తక్కువ మనిషి కాదు. "తక్కువది కొట్టక్కా. మనం ఎల్తన్నాం," అంది. కొట్టాను. "మంచాలు రెండు చాలుగా?" అన్నాను, వీలైనంత మామూలుగా. ఆమె గొంతు అప్పుడు మొదటిసారి పెరిగింది. "మూడని సెప్పేం కదా ఆవిడికి? మూడే ఉంచమని సెప్పు. ఆయన లేచొస్తే కింద పడుకుంటాడేటి?" మూడే నొక్కాను.

అప్పటికి ఒక గండం దాటాం అనుకుంటే అత్తగారు పంచాంగం తీశారు. మేం బయల్దేరే రోజు ప్రయాణానికి పనికిరాదు. టిక్కెట్టు మార్చడం కుదరదని నేను కేకలేశాను. "టిక్కెట్టు మార్సమని నేనన్నానేటి? ప్రస్థానం పెట్టండి," అన్నారావిడ. తెలియని వాళ్లకి చెబుతాను. ప్రయాణం రోజు మంచిది కానప్పుడు, ముందురోజు మంచి ఘడియలో మన వస్తువొకటి గడప దాటించి పొరుగింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. ఇంక ఆ వస్తువు మళ్లీ మన గడప తొక్కకూడదు, వెళ్తూ వెళ్తూ దారిలో తీసుకుపోవాలి. మామూలుగా అయితే ఏ తువ్వాలో, పిడికెడు బియ్యమో పెడతారు. కాని తోడికోడలికి ఆ రోజుల్లో ఏదీ మొక్కుబడిగా చెయ్యాలని లేదు. నిజంగా మా వెంట వచ్చే వస్తువైతేనే నిజమైన ప్రస్థానం అనుకుని, తన చేతిసంచీ పట్టుకెళ్లి పిన్నిగారింట్లో దేవుడి గూటి కింద పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చింది. అందులో మా ఇద్దరి పాస్‌పోర్టులూ టీకా కార్డులూ ఉన్నాయని నాకు తెల్లారాక గాని తెలియలేదు.

బాగా పొద్దెక్కాక కారొచ్చింది. మధ్యాహ్నం విమానం. చెరుకు ట్రాక్టర్లు రోడ్డంతా నిండిపోయాయి, అనకాపల్లి దాకా పాకుతూ పోవాలి, త్వరగా ఎక్కమని డ్రైవరు తొందరపెడుతున్నాడు. సంచీ కోసం వెళ్లిన తోడికోడలు పిన్నిగారి గుమ్మం ముందు కొయ్యబారి నిలబడిపోయింది. తాళం. చెల్లెలి కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చి, పిన్నిగారు తెల్లవారకుండానే ఆటో కట్టించుకుని చీడికాడ వెళ్లిపోయారని ఎదురింటి వాళ్లు చెప్పారు. ఫోన్ చేశాను. తాళం వేసిన ఇంట్లోపల, కిటికీకి అవతలే, ఫోన్ తీరుబడిగా మోగింది. మా ఆయన చీడికాడ వెళ్లి తాళంచెవి తెస్తానని స్కూటర్ తీశారు. వెళ్లి రావడానికి పట్టే టైములో విమానం మా నెత్తి మీదుగా ఎగిరిపోతుంది. తోడికోడలు ఆ తలుపుకి నుదురు ఆనించి, "అయిపోనాది అక్కా, అయిపోనాది. నేనే సేతులారా సేసుకున్నాను," అంటోంది. ఆ పాడు పంచాంగాన్నీ, దాన్ని తీసిన మనిషినీ మనసులో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అప్పుడొచ్చారు మా అత్తగారు, చేతిలో పచ్చడిబండతో. "ఏటలా సూస్తన్నారు? జరగండి," అన్నారు. "అమ్మా, ఊరందరి ఎదటా పరాయోళ్ల తలుపు..." అని మా ఆయన అడ్డం రాబోయారు. "ఒరే, నోర్ముయ్. ఆడు నా కొడుకు. ఆ పిన్నికి నేను సెప్పుకుంటాను," అని ఆ గొళ్ళెం మీద వేశారు దెబ్బ. మొదటిది చెక్కకి తగిలింది, రెండోదీ చెక్కకే తగిలింది. మా ఆయన బండ తీసుకోబోతే ఇవ్వలేదు. ఎన్ని దెబ్బలు వేశారో గాని గొళ్ళెం ఊడి కింద పడింది. తోడికోడలు లోపలికి దూకి సంచీ పట్టుకుని మా గుమ్మం వైపు పరిగెత్తబోతే, అంత హడావిడిలోనూ అత్తగారు గట్టిగా కేకేశారు. "ఒసే, మనింట్లోకి తేకే! ఇటునించిటే కారెక్కు!" దాంతో మా తోడికోడలు చెప్పుల్లేకుండానే కారెక్కింది. ఆ చెప్పులు నేను తెచ్చి కార్లో పడేశాను. కారు మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. అత్తగారు తాళం లేని ఆ ఇంటి గడప మీద, పచ్చడిబండ ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చున్నారు. పిన్నిగారు సాయంత్రం తిరిగొచ్చేదాకా అక్కడినుంచి లేవలేదట, అన్నం కూడా అక్కడే తిన్నారట.

విమానం అందింది. ముంబైలో రెండో విమానం కోసం కూర్చున్నప్పుడు తమిళాయనకి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. తోడికోడలు నా మొహం చూడటం మానేసి నా ఫోన్ వైపే చూస్తోంది. ఇంకెవరూ తోచక హోటలావిడకి మెసేజ్ పెట్టాను. ఇలా, మా మనిషి ఫలానా ఆసుపత్రిలో ఉన్నాడు, ఏమీ తెలియడం లేదు అని. చాలాసేపటికి జవాబొచ్చింది. మోటారుసైకిల్ టాక్సీ ఎక్కి తనే ఆసుపత్రికి వెళ్లిందట. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి. "చూశాను మేడమ్. ఊపిరి తీస్తున్నాడు. కళ్లు తెరవలేదు. మీరు రండి. మంచాలు వేశాను, మూడు." తోడికోడలికి ఇంగ్లీషు రాకపోయినా ఆ చివరి 'త్రీ' అర్థమైంది. నా భుజం మీద తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

జింజాలో ముందు ఆసుపత్రికి వెళ్లాం. గాజు తలుపు అవతల మా మరిది చిక్కి సగమై, పసుపు రాసినట్టున్న ఒంటితో పడుకున్నాడు. కాసేపే చూడనిచ్చారు. డాక్టరు అంతా వివరంగా చెప్పాడు గాని ఏ మాటా ఇవ్వలేదు. తర్వాత గదికి వచ్చాం. దోమతెరలు ముడులు వేసి పైకి కట్టిన మూడు మంచాలు. నేను మొదటిదాని మీద కూలబడ్డాను. తోడికోడలు సామాను విప్పి, ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన మరిది గళ్ల లుంగీ తీసి, కిటికీ పక్కనున్న మూడో మంచం మీద మడత విప్పి పరిచింది. "ఏటే అది?" అన్నాను. "ప్రస్థానం అక్కా. ఆయనిది. ఆస్పత్రి నించి ఇక్కడికి," అంది. పంచాంగం మీద నాకున్న కోపం అప్పటికింకా చల్లారలేదు. అయినా ఆ లుంగీ కొసన పడ్డ ముడత ఒకటి నేనే చేత్తో సరిచేశాను.

రోజులు గడిచాయి. పొద్దున్నే వండుకుని ఆసుపత్రికి వెళ్లేవాళ్లం, చీకటి పడకముందు వచ్చేవాళ్లం. ఊడ్చే అమ్మాయి ఒకసారి ఆ లుంగీ మడవబోతే హోటలావిడే వారించి, దాన్ని ముట్టుకోవద్దని చెప్పింది. ఎందుకో ఆమెకి మేమెవ్వరం చెప్పలేదు. కొన్ని రోజులు మంచి కబురు, కొన్ని రోజులు అసలు కబురే లేదు. సరస్సు గదికి నడిచేంత దూరంలోనే ఉంది. ఒక్కసారి కూడా వెళ్లబుద్ధి కాలేదు.

డాక్టరు ఇంక తీసుకెళ్లొచ్చన్నాక, ఒక మధ్యాహ్నం తమిళాయన ఒకపక్కా, హోటలావిడ ఒకపక్కా పట్టుకుంటే మా మరిది ఆ గదిలోకి నడిచొచ్చాడు. మూడో మంచం మీద కూర్చుని, చేతికింద తగిలిన గుడ్డ చూసి, "ఇదేటి వదినా, నా లుంగీ ఇక్కడికెప్పుడొచ్చింది?" అన్నాడు. తోడికోడలు నోట్లో కొంగు కుక్కుకుంది. "నీకంటే ముందొచ్చింది," అన్నాను నేను. అతను దాన్ని ఒళ్లోకి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గుర్రు మొదలైంది. మధ్యలో చీర కట్టాలని మాకెవ్వరికీ గుర్తు రాలేదు. ఆ గుర్రు వింటూ మేమిద్దరం పక్కపక్కనే కూర్చుండిపోయాం.

ఇప్పుడు అతను మళ్లీ గోవాడ పక్కనే పని చూసుకున్నాడు, ఇవాళ పిన్నిగారి కొత్త తలుపు ఎత్తి పట్టుకోడానికి వడ్రంగికి సాయం కూడా వెళ్లాడు. ఆనాడు ఊడిపోతే మళ్లీ బిగించిన ఆ పాత గొళ్ళెం నాకిమ్మని అడిగి తెచ్చుకున్నాను. కాలం ఎవరి కోసమూ ఆగదని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. ఆ గదిలో మాత్రం మేమిద్దరం కాలం కంటే ముందు వెళ్లి, మంచం మీద లుంగీ పరిచి, ఆ కాలం వచ్చేదాకా దాని కోసం కూర్చున్నాం.