రెండు మందులూ కలిపిన రోజు నేను లేను

పెళ్ళికి ముందు మద్రాసులో ఒక పరిశోధనశాలలో మూడేళ్ళు పనిచేశాను. ఎలుకల లుకేమియా కణాలను గాజు గిన్నెల్లో పెంచడం నా పని. ఆ జబ్బులో తెల్లకణాలు ఎదగవు. పసితనంలోనే ఆగిపోయి, ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ నిండిపోతాయి. చంపకుండా వాటిని ఎదిగించగలమా అని మా ప్రయత్నం. ఒక మందు వేస్తే ఎక్కడో ఒకటీ అరా ఎదిగేది. ఇంకో మందు వేస్తే ఎదగకముందే చచ్చిపోయేవి.

"రెండూ కొంచెం కొంచెం కలిపి వేస్తేనో?" అన్నాను ఒకరోజు మా సీనియర్‌తో. ఆవిడది మైలవరం దగ్గర ఊరు. అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని.

"వేద్దాం. ముందు ఏది ఎంత వేస్తే చావవో తేల్చు," అన్నారు.

అది తేలేలోపే బెజవాడ ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పర్మినెంటు. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే వచ్చేశాను.

గుణదలలో అద్దెగది, రోజూ రిక్షా, కప్పల కోత, దిద్దాల్సిన రికార్డులు. బోర్డు మీద బొమ్మ గీస్తూ, ఈపాటికి అక్కడ ఇంక్యుబేటర్ తలుపు తీస్తుంటారు అనుకునేదాన్ని. ఆ వెచ్చదనం మొహానికి తగిలినట్టే ఉండేది.

మరుసటేడు వానాకాలంలో కణాలు అద్ది రంగువేసిన గాజు స్లైడు ఒకటి, దూది చుట్టి, పోస్టులో వచ్చింది. వెంట అక్కయ్యగారి ఉత్తరం. "నువ్వన్నట్టే రెండూ కలిపి వేశాం. ఐదోరోజుకి కణాలు ఎదిగి, గిన్నెకి అంటుకుని పాకడం మొదలెట్టాయి. నువ్వుండాల్సింది అమ్మాయ్."

కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కణమంతా నిండి ఉండే గుండ్రటి కేంద్రకం చిన్నదై, చిక్కుడుగింజలా వంగింది. అచ్చం జబ్బులేని ఎలుక రక్తంలో చూసినట్టే. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. ప్రాక్టికల్స్‌కి వచ్చిన పిల్లలు వెనక నిలబడి ఉన్నారు. వాళ్ళకీ చూపించాను.

"అయితే మేడమ్, జబ్బు తగ్గిపోయినట్టేనాండీ?" అంది బందరు వైపునుంచి వచ్చిన అమ్మాయి. వాళ్ళది చేపలమ్ముకునే కుటుంబం.

"గిన్నెలో తగ్గింది. మనిషిలో ఏమవుతుందో ఇంకా తెలీదమ్మా."

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాను. జీతం లేకపోయినా సరే, నెలరోజులు సెలవిమ్మన్నాను.

"సిలబస్ సగం కూడా కాలేదు కదమ్మా. వేసవిలో వెళ్ళిరండి," అన్నారావిడ.

వేసవిలో వెళ్ళాను. నా స్టూలు మీద వేరే అమ్మాయి కూర్చుని ఉంది. అంతకుముందు వారమే బూజు పట్టి గిన్నెలన్నీ పారబోశారట. మళ్ళీ మొదటినుంచి పెంచుతున్నారు. అవి సిద్ధమయ్యేలోపు నా సెలవులు అయిపోయాయి.

అక్కయ్యగారు స్టేషన్‌దాకా వచ్చారు. "ఈసారి ముందే రాస్తాను. ఉన్నపళంగా వచ్చెయ్," అన్నారు.

రాశారు కూడా. ఆ వారం నేను పరీక్షల డ్యూటీ మీద చల్లపల్లిలో ఉన్నాను. తిరిగొచ్చి ఉత్తరం విప్పేసరికి, రమ్మన్న రోజు దాటిపోయింది. ఆ కణాలు ప్రాణంతో పాకుతుంటే నేను చూడనేలేదు.