సువార్తమ్మ దెయ్యం వేషం

ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరే సువార్తమ్మ అరచేతులు, కాయలు ఎండే రోజులన్నీ మండుతూనే ఉంటాయి. మజ్జిగ రాసుకున్నా ఆ మంట పోదు. అందుకే చెమట తుడుచుకోవాలన్నా, ఎవరి బిడ్డనైనా ముద్దు చెయ్యాలన్నా చెయ్యి తిప్పి వెనకవైపుతోనే తాకుతుంది. జ్వరంతో పోయిన కూతురి చెంపను ఆఖరిసారి నిమిరింది కూడా అలాగే. అప్పటినుంచి ఆమెకు మాట తగ్గింది, చూపు ఎక్కడో ఉంటుంది.

ఆ చూపు నచ్చే, ఊళ్లో దెయ్యం సినిమా తీయడానికి వచ్చినవాళ్లు ఆమెకు వేషం ఇచ్చారు. చచ్చిపోయి కూడా బిడ్డ మీద బెంగతో ఇంటికి తిరిగొచ్చే తల్లి వేషం. నిద్రపోతున్న పాప చెంప నిమరాలి. సువార్తమ్మ చెయ్యి తిప్పి నిమిరింది.

"అరచేత్తో నిమరండమ్మా," అన్నాడు డైరెక్టర్. రెండోసారీ, మూడోసారీ చెయ్యి అలాగే తిరిగింది. "కారం అంటుకుంటుందనా? సబ్బుతో కడుక్కున్నారు కదండీ?"

"కడిగితే పోద్దా అయ్యా? పసిబిడ్డ, మొహం మండిపోద్ది," అంది సువార్తమ్మ.

తిరగబడ్డ ఆ చెయ్యే ఎక్కువ భయపెడుతోందని డైరెక్టర్ చివరికి దాన్నే ఉంచేశాడు. సినిమా విడుదలయ్యాక, మ్యాట్నీలో ఆ చెయ్యి పాప చెంప మీదికి రాగానే హాలంతా కెవ్వుమంది. ముందు వరసలో కూర్చున్న కల్లం ఆడవాళ్లు మాత్రం అరవలేదు.

"పాపం, కాయల కాడి నుంచి సరాసరి వచ్చినట్టుంది," అంది వాళ్లలో ఒకామె, చేతి వెనకవైపుతో కళ్లు ఒత్తుకుంటూ.