కనకాంబరాలు కాయ కట్టిన ఏడు

మా అత్తమ్మకు పొద్దున్నే డాబా ఎక్కి కనకాంబరాలు కోయడం అలవాటు. నేరేడ్‌మెట్‌లోని మా ఇంటి పిట్టగోడ వెంట ఉన్న కుండీల్లో ఏ రోజు విచ్చిన పూలు ఆ రోజే ఆమె కొంగులో పడేవి. మాల కట్టి కొంత దేవుడికి, మిగతాది తన జడకు. నేను పూలు పెట్టుకునేదాన్ని కాదు.

పోయిన చలికాలంలో మామయ్య పోయారు. అత్తమ్మ డాబా ఎక్కడం మానేసింది.

"నీళ్లు నువ్వే పొయ్యి బిడ్డా," అంది.

నీళ్లు పోశాను గానీ, ఆమె పూలు కోయడానికి నాకు చేతులు రాలేదు. అవి వాటంతటవే రాలాయి. కంకులు మాత్రం పొడుగై, ఎండలు ముదిరేసరికి గడ్డిలా ఎండిపోయాయి. ఇక కత్తిరించేద్దామని ఒక సాయంత్రం పైకెళ్లాను. మబ్బు పట్టిందని, ఆరేసిన బట్టలు తీయడానికి అత్తమ్మ కూడా వచ్చింది. తొలకరి చినుకులు మొదలయ్యాయి.

టప్‌మని ఏదో నీళ్ల ట్యాంకు మూతకు తగిలింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆగకుండా.

"ఏందమ్మా గది? ఎవరన్న రాళ్లిసురుతున్నరా?" అంటూనే అత్తమ్మ చెంప తడుముకుంది. వేలికి ఒక చదునైన గోధుమరంగు గింజ అంటుకుని వచ్చింది.

ఇద్దరం కుండీల మీదికి వంగాం. ఎండుకాయ మీద చినుకు పడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. అంతలోనే కాయ రెండుగా చీలి, గింజలు పిట్టగోడ దాటి ఎగిరిపోయాయి. ప్రాణం లేదనుకుని నేను కత్తిరించబోయిన కాయలు, మట్టి తడిసే రోజు కోసం ఎండాకాలమంతా నోరు మూసుకుని కూర్చున్నాయి!

అత్తమ్మ తడుస్తున్న సంగతే మర్చిపోయింది.

"ఇన్నేండ్ల సంది పెంచుతున్న, గిట్ల పేలుతదని నాకు తెల్వనే తెల్వదు. నేనెన్నడు కాయనిచ్చిన?"

వాన వెలిశాక గిన్నెలో నీళ్లు తెచ్చి, మిగిలిన ఎండుకంకిని తనే ముంచి చూసింది. అది పేలగానే ఉలిక్కిపడి, పకపకా నవ్వింది. మామయ్య పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

కొన్ని వారాలకు పక్కింటావిడ కింద నుంచి కేకేసింది.

"ఆంటీ, మా కరివేపాకు కుండీల ఏదో మొలిచింది. పీకెయ్యాల్నా?"

"పీకకు, పీకకు! అవి మా కనకాంబరాలే. జెర ఆగు, నేనే వస్తున్న!"

చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటింది అత్తమ్మ. నేను వెళ్లేసరికి ఆ కుండీ పక్కన చతికిలబడి, రెండాకుల మొలకను కన్నార్పకుండా చూస్తోంది.