ఒకే రోజు, రెండు మైదానాలు

అది 2002. కాకినాడలో కృత్రిమ కాళ్లు తయారుచేసే కేంద్రంలో నేను టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రామచంద్రపురం దగ్గరి పల్లె నుంచి సూరిబాబు అనే పాతికేళ్ల రైతుకూలీ వచ్చాడు. వరి నూర్పిడి మిషన్‌లో పడి కుడికాలు మోకాలి కింద పోయింది. అంతకుముందు చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న కబడ్డీ ఆటగాడు. జిల్లా జట్టులో ఆడుతున్న చెల్లెలు మంగకు ఆట నేర్పిందీ అతనే. ప్రతిసారీ అన్న వెంట ఆ అమ్మాయి కూడా బస్సులో వచ్చేది.

కోసేయగా మిగిలిన కాలును మేం స్టంప్ అంటాం. కృత్రిమ కాలులో అది ఇమిడే గుల్లను సాకెట్ అంటాం. అందులో ఎక్కడ ఒరుసుకున్నా చర్మం లేచిపోతుంది. రెండుసార్లు అచ్చు తీసి సరిచేశాక సూరిబాబుకు నడక కుదిరింది. మనిషే కుదుటపడలేదు. ప్రమాదం తర్వాత మైదానం వైపే వెళ్లడం లేదని మంగ చెప్పింది.

ఆ చలికాలం గుంటూరులో రాష్ట్ర కబడ్డీ పోటీలు వచ్చాయి. ఫైనల్ పెట్టిన రోజే కాకినాడలో వికలాంగుల ఆటలు. మంగ మా వర్క్‌షాపులోనే అన్నతో పట్టుబట్టింది.

“నువ్వు పరుగుపందెంలో దిగుతానంటేనే నేను గుంటూరు బస్సెక్కుతాను.”

“పిచ్చిదానా, నీ ఆట పాడుచేసుకుంటావా?”

“మరి నీ ఆట సంగతేంటి అన్నయ్యా?”

సూరిబాబు కొత్త కాలు తడిమి చూసుకున్నాడు. చివరికి నావైపు తిరిగాడు.

“పరిగెత్తొచ్చంటారా అండి?”

“ఇది నడకకు చేసిన కాలు సూరిబాబూ. స్టంప్ చితికిపోతుంది.”

“అయితే కాస్త తొందరగా నడుస్తానండి.”

పందెం రోజు మందులూ గుడ్డలూ పట్టుకుని నేనూ వెళ్లాను. సగం దూరం బాగానే పరిగెత్తాడు. తర్వాత కాలు మెలితిరిగి బోర్లా పడ్డాడు. నేను లేచి పరుగెత్తబోతే, రావద్దన్నట్టు చెయ్యెత్తాడు. మోచేతుల మీద లేచి, మంచికాలు కూడదీసుకుని నిలబడటానికి ఎంతసేపు పట్టిందో! మిగతావాళ్లు గీత దాటి మంచినీళ్లు తాగుతున్నారు. అతను కుంటుకుంటూ వెళ్లి గీత దాటాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఊరికే నిలబడి చూశారు.

కేంద్రానికి తీసుకొచ్చి సాకెట్ విప్పితే స్టంప్‌కు తొడిగిన మేజోడు రక్తంతో తడిసిపోయి ఉంది. కట్టు కడుతుండగా ఫోన్ మోగింది. మంగ. రిసీవర్ సూరిబాబుకిచ్చాను. ఆ అమ్మాయి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

“గెలిచాం అన్నయ్యా! నీ పందెం ఏమైంది?”

“పడ్డానే.”



“తరవాత?”

“లేచాను. గీత దాటాను.”

మంగ ఏడుపు వినిపించింది. అంతవరకూ నొప్పికి కిక్కురుమనని సూరిబాబు కూడా అప్పుడు ఏడ్చాడు.

మర్నాడు పేపర్లో గుంటూరులో మంగ జట్టు గెలిచిన సంగతి ఒక్కటే వచ్చింది. వాళ్లింట్లో మాత్రం ఆ రోజు ఇద్దరూ గెలిచారనే చెప్పుకునేవారు.

మనిషి పడకుండా కాలు చేయడమే నా పనితనమని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఎంత బాగా చేసినా ఎప్పుడో ఒకప్పుడు పడతారు. అందుకే ఆ తర్వాత కాలు తొడిగిన ప్రతి ఒక్కరినీ, నడక మొదలుపెట్టకముందే, చాప మీద పడుకోబెట్టి లేవడం నేర్పిస్తూ వచ్చాను.