సగం ధరకు దొరికిన కీ

మాది నాచారం. మా ఆయనకు కంప్యూటర్ గేమ్‌లో ఒక ఊరుంది. ఆయన, చనిపోయిన మా మరిది కలిసి ఒక్కో ఇల్లే కట్టుకున్న ఊరు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన కాసేపు అందులో తిరిగేవారు.

మొన్న ఆయన పుట్టినరోజుకు ఆ గేమ్ రెండో భాగం కొనిద్దామనుకున్నాను. గేమ్ తెరవడానికి కీ అని ఒక కోడ్ ఉంటుంది. కంపెనీ ధర ఎక్కువనిపించి, ఫోన్ గ్రూపులో ఒకతనితో ఉప్పల్‌లో కూరలకు ఆడినట్టే బేరమాడాను.

"అసలు కీనే అక్కా, ఫికర్ జెయ్యకు," అని సగం ధరకే ఇచ్చాడు. కీ పనిచేసింది. నేనెంతో మురిసిపోయాను.

వారం తిరక్కముందే ఆయన అకౌంట్ తెరుచుకోలేదు. అది ఎవరిదో బ్యాంకు కార్డు కొట్టేసి కొన్న కీ అట. అందుకని కంపెనీ ఆయన అకౌంట్‌ను పాత గేమ్‌తో సహా మొత్తం మూసేసింది. అమ్మినవాడి ఫోన్ స్విచాఫ్.

"మీ తమ్ముడు కట్టిన ఊరు గూడ పోయిందా?" అన్నాను.

"పోయింది. నువ్వు అన్నం తిను," అన్నారు.

నాకు ఏడుపు కూడా రాలేదు. తిన్నాను.

ఇప్పుడు కూరల దగ్గర కూడా చెప్పినంత ఇచ్చేసి వస్తున్నాను. ఆయన ఆదివారం చర్చి నుంచి రాగానే కంప్యూటర్ ముందే కూర్చుంటారు. ఆన్ చేయరు.